కౌంటీలు కలిసి కంప్యూటర్లు, రికార్డులు నడపాలంటే: టెక్సాస్ పద్ధతి, అడుగడుగునా

కౌంటీ (మన జిల్లా లాంటిది) ఆఫీసుల్లో ఐటీ పనిచేసే మన తెలుగువాళ్లు నన్ను తరచు అడిగే ప్రశ్న ఇది: “పక్క కౌంటీలతో కలిసి ఒకే సర్వర్, ఒకే సాఫ్ట్‌వేర్ పెట్టుకుందాం అంటున్నారు మా వాళ్లు. ఎక్కడ మొదలుపెట్టాలండీ?” ఫోన్‌లో అరగంటలో తేలే విషయం కాదు. అందుకని వరుసగా రాస్తున్నాను.

టెక్సాస్‌లో 254 కౌంటీలున్నాయి. 2020 జనాభా లెక్కల్లో హారిస్ కౌంటీలో 47 లక్షల మందికి పైగా తేలితే, లవింగ్ కౌంటీలో తేలింది 64 మంది. చట్టం అప్పగించిన పని మాత్రం రెండింటికీ దాదాపు ఒకటే. దస్తావేజులు నమోదు చేయాలి, పన్నులు వసూలు చేయాలి, కోర్టు ఫైళ్లు కాపాడాలి, షెరీఫ్ (కౌంటీ పోలీసు అధికారి) ఆఫీసు నడపాలి. చిన్న కౌంటీలో వీటన్నిటికీ ఐటీ మనిషి ఒక్కరే ఉంటారు. ఆ ఒక్కరూ సెలవు పెడితే ఆఫీసు దిక్కులు చూస్తుంది. కలవడం అవసరమే.

ఈ మార్గదర్శి మొత్తానికి పట్టుకోవాల్సిన మాట ఒక్కటి: యంత్రం ఉమ్మడిది కావచ్చు, రికార్డు మాత్రం ఎవరిది వాళ్లదే. కింద చెప్పే ప్రతి అడుగూ దీన్ని బట్టే ఉంటుంది. మూడు కౌంటీలు కలుస్తున్నాయనీ, వాటిలో కాస్త పెద్దది సర్వర్లు పెట్టుకునే ఆతిథ్య కౌంటీ అనీ అనుకుందాం.

1. ఎవరి మాట ఎక్కడ చెల్లుతుందో ముందు రాసుకోండి

కంపెనీల్లో పనిచేసి వచ్చినవాళ్లు మొదట తడబడేది ఇక్కడే. కౌంటీకి ఒక సీఈఓ ఉండరు. కౌంటీ జడ్జి, నలుగురు కమిషనర్లు కలిసిన కమిషనర్స్ కోర్టు బడ్జెట్ పాస్ చేస్తుంది, ఒప్పందాలు ఆమోదిస్తుంది. పేరులో కోర్టు ఉన్నా అది పాలకమండలి. కౌంటీ క్లర్క్, జిల్లా కోర్టు ఫైళ్లు చూసే డిస్ట్రిక్ట్ క్లర్క్, షెరీఫ్, ట్యాక్స్ అసెసర్ కలెక్టర్, ట్రెజరర్ విడివిడిగా ఎన్నికై వచ్చినవాళ్లు. ఐటీ డైరెక్టర్ వాళ్లకు ఆజ్ఞలు జారీ చేయలేరు.

టెక్సాస్ స్థానిక ప్రభుత్వ రికార్డుల చట్టం ప్రకారం, ఎన్నికైన ప్రతి కౌంటీ అధికారీ తన ఆఫీసు రికార్డులకు తానే రికార్డుల నిర్వహణ అధికారి. ఎన్నికైనవాళ్ల కింద లేని మిగతా శాఖల రికార్డులకు కమిషనర్స్ కోర్టు ఒకరిని నియమిస్తుంది. మన ఊళ్లో సబ్ రిజిస్ట్రార్ చేసే పని ఇక్కడ కౌంటీ క్లర్క్ చేస్తారు. ఆ దస్తావేజుల డేటా పక్క కౌంటీ గదిలోని సర్వర్‌లో ఉన్నా బాధ్యత ఆ క్లర్క్‌దే.

ఒక కాగితం మీద ఇవి రాయండి:

☐ ఏ రికార్డు ఏ అధికారిది
☐ దాన్ని ఎవరు చూడొచ్చు, ఎవరు మార్చొచ్చు
☐ ఎవరి సంతకం లేకుండా తరలించకూడదు
☐ వచ్చే ఎన్నికల్లో ఆ అధికారి మారితే ఎవరితో మళ్లీ మాట్లాడాలి

చాలామంది చేసే తప్పు: కౌంటీ జడ్జి సంతకం పడగానే పని అయిపోయిందనుకోవడం. మూడు నెలల తర్వాత క్లర్క్ గారు “నన్నెవరూ అడగలేదే” అంటారు, ప్రాజెక్టు అక్కడే ఆగుతుంది. దిద్దుబాటు తేలికే. ఒప్పందానికి ముందే ప్రతి అధికారి దగ్గరకూ వెళ్లి, వాళ్ల రికార్డులకు సంబంధించిన ఒక పేజీ సమ్మతి పత్రం తీసుకోండి. ఈమెయిల్ పంపి ఊరుకోవద్దు, వెళ్లి కూర్చుని మాట్లాడండి.

2. సర్వర్ల కంటే ముందు రికార్డుల లెక్క తీయండి

ఈ పని విసుగ్గా ఉంటుంది, అందుకే అందరూ దాటేస్తారు. దాటేసినవాళ్లు తర్వాత రెండింతలు కష్టపడతారు.

ఫైలు ఫైలుగా లెక్కపెట్టక్కర్లేదు. రకాల వారీగా తీయండి: దస్తావేజులు, వివాహ లైసెన్సులు, కమిషనర్స్ కోర్టు తీర్మానాలు, సివిల్ కేసులు, జీతాల పట్టీలు. ఒక్కో రకానికి ఒక్కో వరుస. టెక్సాస్ స్టేట్ లైబ్రరీ అండ్ ఆర్కైవ్స్ కమిషన్ ప్రకటించిన రిటెన్షన్ షెడ్యూళ్లు పక్కన పెట్టుకోండి. అన్ని ఆఫీసులకూ ఉమ్మడిగా ఉండేవి జీఆర్ అనే షెడ్యూల్లో, కౌంటీ క్లర్క్‌వి సీసీలో, డిస్ట్రిక్ట్ క్లర్క్‌వి డీసీలో, పోలీసు, అగ్నిమాపక రికార్డులు పీఎస్‌లో, పన్నులవి టీఎక్స్‌లో, ఎన్నికలవి ఈఎల్‌లో ఉంటాయి. ఏది ఎన్నేళ్లు ఉంచాలో అక్కడే ఉంటుంది. దస్తావేజులైతే శాశ్వతం.

పట్టికలో ఈ గళ్లు చాలు:

☐ రికార్డు రకం, అది ఎవరిది
☐ కాగితమా, మైక్రోఫిల్మా, స్కానా, డేటాబేసా
☐ ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా
☐ ఎక్కడుంది: గది, అర, సర్వర్ ఫోల్డర్
☐ ఎన్నేళ్లు ఉంచాలి
☐ అందులో సోషల్ సెక్యూరిటీ నంబర్ల వంటి గోప్య వివరాలున్నాయా

బేస్‌మెంట్‌కు స్వయంగా దిగి చూడండి. నేను పనిచేసిన ఒకచోట పాత మైక్రోఫిల్మ్ డబ్బా మూత తీయగానే గుప్పున వెనిగర్ వాసన కొట్టింది. అసిటేట్ ఫిల్మ్ పాడవుతోందనడానికి అది గుర్తు. అలాంటి డబ్బాను మిగతావాటి నుంచి వెంటనే వేరు చేయాలి, ఎందుకంటే ఆ ఆవిరి పక్క రీళ్లనూ తినేస్తుంది. స్కానింగ్ జాబితాలో దాన్ని అన్నిటికంటే ముందు పెట్టాలి. ఆ ఆఫీసు రికార్డుల జాబితాలో మాత్రం ఆ డబ్బా ఎదురుగా “బాగుంది” అని రాసి ఉంది.

గడువు దాటిన కాగితాలను తరలించే బదులు పద్ధతి ప్రకారం నాశనం చేస్తే పని తగ్గుతుంది. అయితే దావా నడుస్తున్నా, ఆడిట్ నడుస్తున్నా, ఎవరైనా సమాచారం కోరి దరఖాస్తు పెట్టుకున్నా ఆ రికార్డు ముట్టుకోకూడదు. ఏది, ఎప్పుడు, ఎవరి అనుమతితో నాశనమైందో ఒక రిజిస్టరులో రాసి పెట్టండి.

3. ఏది ముందు కలపాలి, ఏది చివర

తేలికైనవి ముందు కలపండి. నా అనుభవంలో పనికొచ్చిన వరుస ఇది:

మొదట ఈమెయిల్ భద్రత, బ్యాకప్, నెట్‌వర్క్ పర్యవేక్షణ. వీటిలో రికార్డు యాజమాన్యం గొడవ తక్కువ. తర్వాత జీతాలు, ఖాతాలు. ఆ తర్వాత దస్తావేజులు, పన్నులు. షెరీఫ్, జైలు సాఫ్ట్‌వేర్ అన్నిటికన్నా చివర.

అన్నీ సొంతంగా కట్టుకోవాలనే పట్టుదల వద్దు. టెక్సాస్ అసోసియేషన్ ఆఫ్ కౌంటీస్ దగ్గర సీఐఆర్ఏ అనే ఉమ్మడి ఏర్పాటుంది, వెబ్‌సైట్, ఈమెయిల్ దాని ద్వారా తీసుకోవచ్చు. రాష్ట్ర సమాచార వనరుల శాఖ డీఐఆర్ ముందే కుదుర్చుకున్న ఒప్పందాల మీద కొంటే విడిగా టెండర్ పిలిచే శ్రమ తప్పుతుంది. డాట్ గవ్ డొమైన్ (.govతో ముగిసే వెబ్ చిరునామా) 2021 నుంచి స్థానిక ప్రభుత్వాలకు ఉచితం.

కోర్టు ఫైలింగ్ సంగతి వేరు. సివిల్ కేసుల్లో లాయర్లు రాష్ట్రమంతటికీ ఒకటే అయిన ఈఫైల్ టెక్సాస్ ద్వారానే దాఖలు చేయాలి. మీరు పెట్టుకునే కేసుల సాఫ్ట్‌వేర్ దాంతో కలిసి పనిచేస్తుందో లేదో కొనకముందే అడగండి.

4. షెరీఫ్ డేటా దగ్గర ఆగి చూడండి

నేర చరిత్రలు, వారంట్ల వంటి సమాచారానికి ఎఫ్‌బీఐ వారి సీజేఐఎస్ (నేర న్యాయ సమాచార సేవల) భద్రతా విధానం వర్తిస్తుంది. టెక్సాస్‌లో దాన్ని చూసుకునేది రాష్ట్ర ప్రజా భద్రతా శాఖ డీపీఎస్. ఆ డేటా ఉన్న సర్వర్‌ను కౌంటీ ఐటీ శాఖ నడిపితే, షెరీఫ్‌కూ ఆ శాఖకూ మధ్య మేనేజ్‌మెంట్ కంట్రోల్ ఒప్పందం ఉండాలి. భద్రత విషయంలో చివరి మాట షెరీఫ్‌దే అని అందులో రాస్తారు. బయటి కంపెనీ అయితే సెక్యూరిటీ అడెండమ్ అనే భద్రతా అనుబంధ పత్రం మీద సంతకం చేయాలి.

ఎన్‌క్రిప్ట్ కాని (రహస్య సంకేతంగా మార్చని) సమాచారాన్ని పక్కన ఎవరూ లేకుండా చూడగల ప్రతి ఒక్కరికీ వేలిముద్రల పరిశీలన జరగాలి. మన ఐటీవాళ్లు దీన్ని గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. వెండర్ (సాఫ్ట్‌వేర్ అమ్మిన కంపెనీ) రాత్రి సపోర్టు హైదరాబాద్ నుంచో బెంగళూరు నుంచో నడుస్తుంటే, ఆ బృందానికి ఈ సర్వర్ల పాస్‌వర్డ్ ఎలా అందుతోందో అడగండి. “మా వాళ్లు చూడరండీ” అనే మాట చాలదు. చూడలేని విధంగా సిస్టమ్ అమర్చారా అని తేల్చుకోవాలి.

5. ఒప్పందం రాయడం

టెక్సాస్‌లో కౌంటీలు, నగరాలు ఒకదానికొకటి సేవలందించుకోవడానికి దారి చూపే చట్టం ప్రభుత్వ కోడ్ 791వ అధ్యాయం. ఇంటర్‌లోకల్ అగ్రిమెంట్ అని పిలిచే ఈ ఒప్పందాన్ని ప్రతి కౌంటీ పాలకమండలీ ఆమోదించాలి. ఉద్దేశం, షరతులు, హక్కులు, బాధ్యతలు అందులో రాయాలి. చెల్లింపులు ఆ కౌంటీకి అందుబాటులో ఉన్న ప్రస్తుత ఆదాయం నుంచే చేయాలి. ఆ మొత్తం సేవకు తగినట్టు ఉండాలి.

చట్టం అడిగేది అంతే. ఆచరణలో నిలబడాలంటే ఇంకా కావాలి. కౌంటీ అటార్నీ (కౌంటీ న్యాయవాది) దగ్గరకు వెళ్లేముందు ఈ జాబితా సరిచూసుకోండి:

☐ ప్రతి కౌంటీ డేటా ఆ కౌంటీ అధికారిదేనని స్పష్టమైన వాక్యం
☐ సిస్టమ్ పడిపోతే ఎన్ని గంటల్లో లేపాలి, ఏ ఆఫీసు ముందు
☐ సమాచార దరఖాస్తు వస్తే ఎవరు జవాబివ్వాలి
☐ రికార్డు నాశనానికి ఎవరు ఆదేశమివ్వాలి
☐ దాడి జరిగితే ఎవరు ఎవరికి, ఎంతలోపు చెప్పాలి
☐ కొత్త కౌంటీ చేరితే ఎంత కట్టాలి
☐ బయటకు వెళ్లిపోవాలంటే ఏం చేయాలి

చివరి గడిని ఎవరూ సరిగ్గా నింపరు. పెళ్లి పందిట్లో విడాకుల మాటలా ఉంటుందని మొహమాటపడతారు. కానీ కమిషనర్లు మారతారు, బడ్జెట్లు మారతాయి, ఏదో ఒక రోజు ఒక కౌంటీ బయటకు వెళ్తుంది. వెళ్లేటప్పుడు డేటా ఏ రూపంలో ఇవ్వాలి? స్కాన్లు టిఫ్ లేదా పీడీఎఫ్-ఏ అనే, ఏళ్ల తరబడి తెరుచుకునే ఫైలు రూపంలో, ఇండెక్స్ (ఏ పేరు ఏ దస్తావేజులో ఉందో చూపే పట్టిక) ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా తెరుచుకునే మామూలు టెక్స్ట్ పట్టికగా, రెండింటినీ కలిపే నంబరు సహా ఇవ్వాలని రాయించండి. ఎన్ని రోజుల్లో, ఎవరి ఖర్చుతో అన్నదీ రాయించండి. వెండర్ ఒప్పందంలో కూడా అదే వాక్యం ఉండాలి. లేకపోతే ఆతిథ్య కౌంటీ ఇద్దామన్నా వెండర్ ఇవ్వడు.

6. డబ్బు పంచుకోవడం

మూడు భాగాలు సమానంగా చేస్తే చిన్న కౌంటీ నలిగిపోతుంది. పూర్తిగా వాడకం మీద పెడితే పెద్ద కౌంటీ ఒప్పుకోదు. కొంత సమానం, కొంత వాడకం అన్నది నాకు నచ్చిన పద్ధతి.

ఉదాహరణకు ఏడాది ఖర్చు 90,000 డాలర్లు అనుకోండి. 30 శాతం, అంటే 27,000, సమానంగా పంచితే తలా 9,000. మిగిలిన 63,000 లాగిన్ల లెక్కన పంచాలి. మూడు కౌంటీలకు 30, 60, 120 లాగిన్లుంటే వాటి వంతు 9,000, 18,000, 36,000. మొత్తం కలిపితే 18,000, 27,000, 45,000.

కౌంటీ క్లర్క్ ఒక్కో దస్తావేజు మీద రికార్డుల నిర్వహణ, సంరక్షణ కోసం వసూలు చేసే ఫీజు ఉంటుంది. పాత రికార్డుల కోసం ఆర్కైవ్ ఫీజు వేరే ఉంటుంది. దీనికి ఏటా రాతపూర్వక ప్రణాళిక, బహిరంగ విచారణ కావాలి. ఈ రెండూ ఆ పనికే వాడాలి. వాటిని షెరీఫ్ సర్వర్‌కో జీతాల సాఫ్ట్‌వేర్‌కో మళ్లిస్తే ఆడిటర్ పట్టుకుంటారు. కాబట్టి ఉమ్మడి బిల్లులో రికార్డుల వాటా విడిగా కనిపించేలా చూడండి.

ఎక్కువ కౌంటీల ఆర్థిక సంవత్సరం అక్టోబర్ 1న మొదలవుతుంది. సెప్టెంబర్‌లో అడిగితే ఆలస్యమైపోయినట్టే. మే నెలకల్లా అంకెలు చేతిలో ఉండాలి.

7. డేటా తరలింపు, ముఖ్యంగా పేర్లు

అన్నిటికంటే ఎక్కువ జాగ్రత్త ఇక్కడ కావాలి. సర్వర్‌లో తప్పు జరిగితే మర్నాడు తెలుస్తుంది. ఇండెక్స్‌లో తప్పు జరిగితే పదేళ్ల తర్వాత ఎవరో ఇల్లు అమ్ముకునేటప్పుడు తెలుస్తుంది.

మొదటి చిక్కు నంబర్లు. మూడు కౌంటీల్లోనూ 2004లో నమోదైన 123వ దస్తావేజు ఉంటుంది. ఒకే డేటాబేసులో వేస్తే ఒకదాని మీద ఒకటి పడతాయి. ప్రతి నంబరు ముందూ కౌంటీ కోడ్ చేర్చండి. దానికి జనగణనలో వాడే మూడంకెల ఫిప్స్ కోడ్ చక్కగా సరిపోతుంది: కాలిన్‌కు 085, డాలస్‌కు 113, డెంటన్‌కు 121. పాత నంబరును మాత్రం మార్చకుండా పక్క గడిలో అలాగే ఉంచండి. దస్తావేజు మీద ముద్ర పడింది ఆ నంబరే.

రెండో చిక్కు పేర్లు. దస్తావేజుల ఇండెక్స్ అమ్మినవారు, కొన్నవారు అనే రెండు వరుసల్లో, ఇంటిపేరు మీద నడుస్తుంది. నేను చూసిన ఒక తరలింపులో పాత సాఫ్ట్‌వేర్ పేరంతా ఒకే గడిలో పెట్టేది. కొత్తదానికి ఇంటిపేరు విడిగా కావాలి. చివరి మాటను ఇంటిపేరుగా తీసుకోమని ప్రోగ్రాం రాశారు. దాంతో కుటుంబ ట్రస్టుల పేరిట ఉన్న ఇళ్లన్నీ “ట్రస్ట్” అనే ఇంటిపేరు కిందకు చేరాయి. తండ్రి పేరే పెట్టుకున్న కొడుకులందరికీ “జూనియర్” ఇంటిపేరైంది. డి లా గార్జా వంటి స్పానిష్ ఇంటిపేర్లు ముక్కలయ్యాయి.

మనవాళ్ల పేర్ల సంగతి చెప్పనక్కర్లేదు. కొందరి పాస్‌పోర్టులో ఇంటిపేరు ముందుంటుంది, కొందరికి ఒక్క అక్షరమే ఉంటుంది. అసలు విడిగా పేరే లేనివారికి వీసాలో ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదు) అని పడుతుంది. ఒక తెలుగు దంపతులు ఇంటి అప్పు తీర్చి, ఆ విడుదల పత్రం నమోదైందా అని కౌంటర్ దగ్గరకు వచ్చారు. ఆయన ఇంటిపేరు కొట్టారు, రాలేదు. ఆవిడ పేరు కొట్టారు, రాలేదు. చివరికి ఆయన పేరులోని చివరి మాట “వెంకట”ను ఇంటిపేరు గడిలో కొడితే వచ్చింది. ఆవిడ చేతిలో కాగితం ఉంది కాబట్టి సరిపోయింది. లేకపోతే ఆ ఇంటిమీద అప్పు ఇంకా ఉన్నట్టే కనిపించేది.

దిద్దుబాటు:

☐ పాత గడిలోని పేరును యథాతథంగా ఒక అదనపు గడిలో దాచండి
☐ ట్రస్ట్, ఎల్ఎల్‌సీ, బ్యాంక్, జూనియర్, ఎస్టేట్ వంటి మాటల జాబితా చేసి, అవి ఉన్న పేర్లను మనిషి చేత చూపించండి
☐ పేరులో ఏ మాట కొట్టినా వెతికే సౌకర్యం పెట్టండి
☐ సందేహమున్నప్పుడు రెండు రకాలుగానూ ఇండెక్స్ చేయండి
☐ దస్తావేజులో ఉన్న స్పెల్లింగ్‌ను “సరిచేయకండి”, ఉన్నది ఉన్నట్టే ఎక్కించండి

మూడోది సరిపోల్చడం. సంవత్సరాల వారీగా పాత, కొత్త లెక్కలు పక్కపక్కన పెట్టండి. ఒక్కటి తేడా వచ్చినా కారణం తెలిసేదాకా ముందుకు వెళ్లొద్దు. తర్వాత ప్రతి దశాబ్దం నుంచీ కొన్ని దస్తావేజులు చీటీలు తీసినట్టు తీసి, తెర మీద బొమ్మను, ఇండెక్స్‌ను, అరలోని పుస్తకాన్ని కలిపి చూడండి. ఆ చూసేవాళ్లు ఏళ్లుగా కౌంటర్‌లో పనిచేసిన ఉద్యోగులై ఉండాలి. వాళ్ల కంటికి కనిపించేవి మన ప్రోగ్రాములకు కనిపించవు.

కొత్తది నడిచాక కూడా కొంతకాలం పాతదాన్ని చదవడానికి మాత్రమే వీలుగా ఉంచండి. స్కాన్ అయింది కదా అని మూలప్రతులను పారేయకండి. ఎలక్ట్రానిక్ రికార్డుల మీద స్టేట్ లైబ్రరీ నియమాలు చూసి, క్లర్క్ ఆదేశం వచ్చాకే ఏదైనా.

8. భద్రత: ఒకరి తలుపు తెరిస్తే అందరి ఇల్లూ తెరుచుకుంటుంది

2019 ఆగస్టు 16 ఉదయం టెక్సాస్‌లో 20కి పైగా స్థానిక సంస్థల మీద ఒకేసారి రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే) దాడి జరిగింది. ఎక్కువ చోట్ల దారి ఒకటే, వాళ్లందరికీ సేవలందిస్తున్న ఉమ్మడి సంస్థ దూరం నుంచి లాగినయ్యే సాఫ్ట్‌వేర్. మీరు కట్టబోయేదీ అలాంటి ఉమ్మడి ఏర్పాటే. కాబట్టి ఇవి తప్పవు:

☐ అడ్మిన్ లాగిన్లన్నిటికీ పాస్‌వర్డ్‌తో పాటు రెండో గుర్తింపు
☐ ఒక కౌంటీ నెట్‌వర్క్ నుంచి మరోదానిలోకి నేరుగా దారి లేకుండా గోడ
☐ మూడు బ్యాకప్ కాపీలు, రెండు రకాల చోట్ల, వాటిలో ఒకటి నెట్‌వర్క్‌కు తగలకుండా
☐ ఉద్యోగులకూ ఎన్నికైనవారికీ చట్టం చెప్పినట్టు ఏటా సైబర్ శిక్షణ
☐ సంఘటన జరిగితే 48 గంటల్లోపు రాష్ట్రానికి తెలియజేసే మనిషి పేరు, ఫోను నంబరు, కాగితం మీద

కాగితం మీద అని ఎందుకన్నానంటే, దాడి జరిగిన రోజు ఆ నంబర్లున్న ఫైలు కూడా తెరుచుకోదు.

9. రోజువారీ నడక

ప్రతి కౌంటీ నుంచీ ఒకరు ఐటీ తరఫున, ఒకరు క్లర్కుల తరఫున ఉండే చిన్న కమిటీ చాలు. నెలకోసారి గంట సేపు కూర్చోండి. మొదటి పావుగంట కౌంటర్ ఉద్యోగుల ఫిర్యాదులకే కేటాయించండి.

సమాచార దరఖాస్తుల విషయం ముందే తేల్చుకోండి. టెక్సాస్ ప్రజా సమాచార చట్టం కింద ఏదైనా దాచుకోవాలంటే 10 పనిదినాల్లో అటార్నీ జనరల్ నిర్ణయం కోరాలి. దరఖాస్తు ఆతిథ్య కౌంటీ ఐటీకి వచ్చి, ఇది మాది కాదనుకుని పక్కన పెడితే ఆ రోజులు కరిగిపోతాయి. అందిన రోజే అసలు అధికారికి పంపించి, పంపినట్టు నమోదు చేయాలి.

10. పునరుద్ధరణ అభ్యాసం

బ్యాకప్ అయిందని తెరమీద పచ్చటి టిక్కు చూసి నమ్మకండి. నేనున్న ఒక బృందంలో చాలా నెలలుగా ఆ టిక్కు పడుతూనే ఉంది. అభ్యాసం రోజున చూస్తే డేటాబేసు వచ్చింది, స్కాన్ బొమ్మలున్న ఫోల్డర్ మాత్రం జాబితాలోనే లేదు. ఇండెక్స్ ఉంది, దస్తావేజు లేదు. అది అభ్యాసం రోజు కావడం మా అదృష్టం.

మూడు నెలలకోసారి ఇలా చేయండి. ఖాళీ సర్వర్ తీసుకోండి. ఈసారి వంతు ఏ కౌంటీదో ఆ కౌంటీ డేటాను బ్యాకప్ నుంచి మాత్రమే ఎక్కించండి. గడియారం పెట్టి ఎంతసేపు పట్టిందో రాయండి. తర్వాత ఆ కౌంటీ క్లర్క్ ఆఫీసు నుంచి ఒకరిని కూర్చోబెట్టి, వాళ్లే ఎంచుకున్న పది దస్తావేజులను వెతికి, తెరిచి, ప్రింటు తీయమనండి. పదీ చేతికొచ్చాక వాళ్ల చేత తేదీ వేయించి సంతకం తీసుకోండి. ఏడాదికోసారి అదే డేటాను 5వ అడుగులో రాయించుకున్న టిఫ్, టెక్స్ట్ పట్టిక రూపంలో బయటకు తీసి, మీ వెండర్ సాఫ్ట్‌వేర్ లేని కంప్యూటర్‌లో తెరిచి చూడండి.